మూడు ఆపరేషన్లు, ఒక్క సెలవు

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే పెద్దమ్మ కూతురు. సొంత అక్క లేని లోటు పూర్తిగా తీర్చింది, తిట్లతో సహా. "ఒరే, డిసెంబర్లో వస్తున్నా, మూడు వారాలు. ఒక ఎక్సెల్ షీట్ చేసిపెట్టు. అమ్మకి మాత్రం చెప్పకు" అంది.

విషయం ఏమిటంటే, హైదరాబాద్‌లో మూడు కాస్మెటిక్ సర్జరీలు ఒకేసారి చేయించుకుని వెళ్ళిపోవాలని ప్లాన్. ఒకటి టమ్మీ టక్. రెండోది నడుం చుట్టూ, తొడలకీ లైపోసక్షన్. మూడో దాని పేరు చెప్పడానికి తనూ, వినడానికి నేనూ ఇబ్బంది పడ్డాం కాబట్టి షీట్‌లో "సి" అని రాసుకున్నాం.

నేను వెంటనే మగబుద్ధి చూపించాను. "ఇవన్నీ అవసరమా అక్కా? రోజూ ఓ గంట వాకింగ్ చెయ్యొచ్చుగా" అన్నాను.

"రెండు సిజేరియన్లకి పొట్ట కండరాలు మధ్యలోకి విడిపోయాయిరా. నడిస్తే కలవవు. ఎనిమిదేళ్ళుగా నడుం నొప్పి. అయినా నువ్వు నెత్తి మీద రెండు వేల చిల్లర గ్రాఫ్టులు నాటించుకున్నప్పుడు నేను అడిగానా, అవసరమా అని?"

అడగలేదు. నోరు మూసుకుని షీట్ తెరిచాను. కాబట్టి కాస్మెటిక్ సర్జరీ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ లేదు. అది తన ఒళ్ళు, తన డబ్బు. నేను చెప్పేది మూడూ ఒకేసారి చేయించుకోవడం గురించి. నేను డాక్టర్ని కాను, ఎవరి నిర్ణయం వాళ్ళు తమ డాక్టరుతో మాట్లాడి తీసుకోవాలి. ఇంజనీర్ని కాబట్టి నేను చేసిన తప్పు లెక్క గురించి మాత్రం సాధికారంగా చెప్పగలను.

షీట్‌లో రెండు ఆప్షన్లు పెట్టాను. ఒకటి, మూడూ ఒకే రోజు. రెండు, విడివిడిగా. ఖర్చు, సెలవులు, విమానం టిక్కెట్లు, ఎన్నిసార్లు మత్తు ఇవ్వాలి, పక్కన ఎవరుండాలి, పిల్లల్ని ఎవరు చూడాలి... ఏ కాలమ్‌లో చూసినా మొదటి ఆప్షనే గెలిచింది. దానికి ఆకుపచ్చ రంగు వేసి "రికమెండెడ్" అని రాసి పంపాను. మన బతుకే అంత కదా. ఎలాగూ శనివారం రాత్రి సర్వర్ డౌన్ చేస్తున్నాం, పనిలో పనిగా డేటాబేస్ అప్‌గ్రేడూ, సెక్యూరిటీ ప్యాచూ, కొత్త మాడ్యూలూ అన్నీ తోసేద్దాం అంటాం. డౌన్‌టైమ్ ఒక్కసారే. కస్టమర్ ఖుషీ, మేనేజర్ ఖుషీ.

అక్క ఇద్దరు సర్జన్లతో వీడియోలో మాట్లాడింది. మొదటాయన మూడూ ఒకే రోజు చేసేద్దాం అన్నారు. ఆరేడు గంటల పని, ప్యాకేజీ కింద డిస్కౌంట్, రెండు వారాల్లో ఫ్లైట్ ఎక్కొచ్చు. రెండో ఆయన ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగారు. వయసెంత (42), బరువెంత, ఏ మాత్రలు వాడుతున్నారు (గర్భనిరోధక మాత్రలు), ఇంట్లో ఎవరికైనా కాళ్ళల్లో రక్తం గడ్డకట్టిందా, తిరుగు ప్రయాణం ఎన్ని గంటలు. అన్నీ విని, "ముందు టమ్మీ టక్ ఒక్కటే చేస్తాను. మిగతా రెండూ ఆర్నెల్ల తర్వాత చూద్దాం. మూడు వారాల సెలవుతో అయితే అసలు రావద్దు" అన్నారట.

అక్కకి ఒళ్ళు మండింది. నాకొచ్చిన మొదటి ఆలోచన అయితే ఇంకా ఘోరం. రెండుసార్లు చేస్తే రెండు బిల్లులు కదా, అదీ సంగతి అనుకున్నాను. ఆయన్ని తప్పని నిరూపించడానికే చదవడం మొదలుపెట్టాను.

మొదట దొరికినవి చావు లెక్కలు. అమెరికాలో కాస్మెటిక్ సర్జన్ల సంఘం ఒకటి తన సభ్యుల్ని అడిగి, 94 వేల పైచిలుకు లైపోసక్షన్ కేసుల మీద 2001లో ప్రచురించిన సర్వే అది. లైపోసక్షన్ ఒక్కటే చేస్తే 47,415 మందిలో ఒక మరణం. టమ్మీ టక్ కాకుండా వేరే సర్జరీతో కలిపి చేస్తే 7,314 మందిలో ఒకటి. టమ్మీ టక్‌తో కలిపితే 3,281 మందిలో ఒకటి. గుండె గుభేలుమంది. వెంటనే అక్కకి పంపబోయి ఆగాను. ఎందుకంటే ఇందులో ఒక మెలిక ఉంది. టమ్మీ టక్‌కి సొంతంగా ఉండే ప్రమాదం కూడా ఆ మూడో అంకెలో కలిసే ఉంటుంది కదా. అంతా "కలపడం" ఖాతాలోకే వెయ్యడం న్యాయం కాదు.

తర్వాత దొరికినది ఇంకా పెద్దది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం, 25,478 టమ్మీ టక్ కేసులు. పెద్ద ఇబ్బందులు, అంటే మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తాల్సినలాంటివి, ఎంతమందికి వచ్చాయని చూశారు. టమ్మీ టక్ ఒక్కటే అయితే 3.1 శాతం. లైపోసక్షన్ కలిపితే 3.8. రొమ్ము సర్జరీ కలిపితే 4.3. ఆ రెండూ కలిపితే 4.6. తొడలూ, చేతులూ, నడుమూ కోసి బిగించే పెద్ద సర్జరీ కలిపితే 6.8. దానికి మళ్ళీ లైపోసక్షన్ కూడా తోడైతే 10.4. వయసు, బరువు లాంటివి పక్కన పెట్టి చూసినా, కలిపి చేస్తే రిస్కు ఒకటిన్నర రెట్లని తేల్చారు.

ఇక్కడే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. 4.6 అనే అంకెని 3.1తో పోల్చి భయపడటం కూడా తప్పే. మూడూ విడివిడిగా చేయించుకుంటే ఆ మూడింటి రిస్కులూ కూడుకోవాలి కదా! అదే అధ్యయనంలో మిగతా కాస్మెటిక్ సర్జరీల సగటు 1.4 శాతం. ఉజ్జాయింపుగా కూడితే విడివిడిగా చేయించుకున్నా తేలేది అంతకంటే తక్కువేం కాదు. అంటే కలపడమే పాపం అనడానికి లేదు. మన ఊళ్ళల్లో సిజేరియన్ చేస్తూనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేసేస్తారు. మా పిన్నికీ అలాగే చేశారు. రెండోసారి పొట్ట కొయ్యక్కర్లేదు, అదనంగా పట్టేది కొద్ది నిమిషాలు. అది మంచి కలపడం.

మరి 10.4 ఎక్కడి నుంచి వచ్చింది? అది మాత్రం ఉత్త కూడికలా అనిపించదు. ఎందుకా అని ఆలోచిస్తే మనకి తెలిసిన విషయమే. మూడు ప్రాసెస్‌లూ దేనికది లిమిట్‌లోనే ఉంటాయి. కానీ మెషీన్‌లో ఉన్న మెమరీ మూడింటికీ కలిపి ఒక్కటే.

ఒంటికీ అలాంటి ఉమ్మడి పరిమితులున్నాయి. లైపోసక్షన్‌లో కొవ్వు లాగే ముందు లిడోకెయిన్ కలిపిన సెలైన్ చర్మం కింద ఎక్కిస్తారు. దానికి కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క ఉంది. ఇంకో చోట కూడా అదే మందు వాడితే రెండూ ఒకే ఖాతాలో పడతాయి. పైగా రక్తంలో అది పతాక స్థాయికి చేరడానికి పన్నెండు గంటల దాకా పట్టొచ్చు, అంటే సర్జన్ ఇంటికెళ్ళి నిద్రపోయాక. రక్తం పోవడం మూడు చోట్ల నుంచీ కలిసి లెక్కకొస్తుంది. మత్తులో ఉన్న ఒళ్ళు మొదటి గంటలోనే డిగ్రీ పైన చల్లబడుతుంది, ఎక్కువ భాగం తెరిచి ఉంచితే ఇంకా. టమ్మీ టక్‌లో కండరాలు బిగించి కుట్టడం వల్ల పొట్టలో ఒత్తిడి పెరిగి, కాళ్ళ నుంచి రక్తం పైకి రావడం నెమ్మదిస్తుంది. పొట్ట మీద పైకి లేపి కిందకి లాగి కుట్టిన చర్మానికి అసలే రక్తప్రసరణ అంతంతమాత్రం. దాని కింద గట్టిగా లైపోసక్షన్ చేస్తే అదీ తగ్గి చర్మం చచ్చుబడే ప్రమాదం ఉంది.

ఇక కాళ్ళలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదకే వస్తుంది. దీనికి డాక్టర్లు వాడే కాప్రినీ స్కోరు అని ఒకటుంది. అక్కకి లెక్కేశాను. వయసు 41 నుంచి 60 మధ్య: 1. ముప్పావుగంట దాటిన సర్జరీ: 2. బీఎంఐ 25 దాటింది: 1. గర్భనిరోధక మాత్రలు: 1. మొత్తం 5. ఐదు, ఆపైన అంటే హై రిస్క్ వర్గం. ఇందులో విమానం లెక్కలో లేనే లేదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణం వల్లే గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది, మామూలు మనుషులకే. హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఇరవై గంటల పైమాటే, అదీ కుట్లతో.

రెండో డాక్టరు అడిగిన ఇరవై నిమిషాల ప్రశ్నలు ఇవే. నేను ఆయన్ని బిల్లుల మనిషి అనుకున్నాను.

ఇవి గాలి మాటలు కావు. ఫ్లోరిడాలో క్లినిక్కుల్లో వరస మరణాల తర్వాత 2004లో అక్కడి మెడికల్ బోర్డు, క్లినిక్కుల్లో లైపోసక్షన్, టమ్మీ టక్ కలిపి చేయడాన్ని 90 రోజుల పాటు ఆపేసింది. అక్కడి రూల్స్‌లో క్లినిక్‌లో చేసే లైపోసక్షన్‌కి 4,000 మిల్లీలీటర్ల కొవ్వు పరిమితి. ఇంకో సర్జరీతో కలిపితే అదే 1,000కి పడిపోతుంది. చేసే పని అదే, డాక్టరు అదే, పరిమితి మాత్రం నాలుగో వంతు. కలిపితే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పలేం.

2007 నవంబరులో గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్, 58 ఏళ్ళావిడ, ఒకేసారి లైపోసక్షన్, రొమ్ము సర్జరీ చేయించుకుని ఇంటికెళ్ళి మర్నాడు చనిపోయారు. పోస్ట్‌మార్టంలో గుండె రక్తనాళాల జబ్బు బయటపడింది. సర్జన్ చెయ్యి తప్పిందని గానీ, మత్తు తేడా చేసిందని గానీ ఆధారాలు దొరకలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. దేనికదే సరిగ్గా జరిగినా మనిషి మిగల్లేదు. ఆవిడ పేరుతోనే కాలిఫోర్నియాలో 2009లో చట్టం వచ్చింది, ముందుగా శారీరక పరీక్ష చేసి రాతపూర్వకంగా సరేనంటే తప్ప కాస్మెటిక్ సర్జరీ చేయకూడదని.

షీట్ మళ్ళీ తెరిచాను. నేను రాసిన కాలమ్స్ అన్నీ లెక్కకి దొరికేవే. రూపాయలు, రోజులు, టిక్కెట్లు. రెండు సర్జరీల మధ్య ఆర్నెల్ల విరామాన్ని మాత్రం ఉత్త ఖర్చు కింద రాశాను. నిజానికి ఆ విరామంలో ఒక సమాచారం చేతికొస్తుంది. మత్తుకి ఒళ్ళు ఎలా తట్టుకుంది, పుండు ఎలా మానింది, ఇంకోటి కావాలా, ఇక్కడితో చాలా. రిలీజ్ పాడైతే మనకి రోల్‌బ్యాక్ ఉంటుంది. ఇక్కడ అది లేదు. ఉన్నదల్లా మధ్యలో ఆగే అవకాశం ఒక్కటే, దాన్నే నేను ఆకుపచ్చ రంగేసి కొట్టేశాను.

అసలు మూడు ఆపరేషన్లు ఒకే రోజుకి కుదించింది ఎవరు? డాక్టరు కాదు. అక్క ఒళ్ళూ కాదు. మూడు వారాల సెలవు. ఏ సర్జరీలు కలపాలో హెచ్చార్ పోర్టల్ నిర్ణయించింది, నేను దానికి ఎక్సెల్ గుమస్తాగా పనిచేశాను. మన ఎన్నారై జనం పళ్ళ నుంచి మోకాళ్ళ దాకా ఇలాగే చేయించుకుంటున్నాం, షాపింగూ, పెళ్ళీ, తిరుపతి దర్శనం మధ్యలో ఇరికించి.

ఫోన్ చేసి చెప్పాను. మొదట తిట్టింది. "రికమెండెడ్ అని రాసింది నువ్వేగా!" అంది. అవును, నేనే. క్షమాపణ చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "మీ బావ కూడా అదే అంటున్నాడు" అని ఒక్క లైను మెసేజ్ పెట్టింది.

డిసెంబర్లో రాలేదు. పిల్లల వేసవి సెలవుల్లో ఏడు వారాలకి వచ్చింది, సగం రోజులు ఇక్కణ్ణించే పని చేసేలా మేనేజర్ని ఒప్పించుకుని. మాత్రలు డాక్టరు చెప్పినట్టు ముందే ఆపింది. పెద్దమ్మకి కూడా చెప్పాం. ఆవిడ అక్కని వదిలేసి నన్ను తిట్టింది. రెండో డాక్టరు దగ్గరే టమ్మీ టక్ ఒక్కటీ చేయించుకుంది. మర్నాడే లేపి నడిపించారు. పదిరోజుల తర్వాత పొట్టలో నీరు చేరితే రెండుసార్లు సూదితో తీయాల్సొచ్చింది. పెద్ద విషయం కాదన్నారు. కానీ కారు వెనక సీట్లో దిండు పొట్టకి అదుముకుని కూర్చుని, "ఒక్కదానికే ఇలా ఉందిరా" అంది. నేనేం మాట్లాడలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. నడుం నొప్పి బాగా తగ్గిందట. లైపోసక్షన్ ఊసెత్తడం లేదు. "సి" గురించి ఇంకా ఆలోచిస్తోందట. అది తన ఇష్టం. షీట్ మాత్రం ఈసారి తనే చేసుకుంటానంది.