మూసీ వెంట, సోలిపేట నుంచి వాడపల్లి దాకా

కథలు, కవితలు రాసే మిత్రులు ప్రేరణ కోసం అరకు పోతారు, పాపికొండలు పోతారు, చేతిలో నాలుగు డబ్బులుంటే హిమాలయాల దాకా పోతారు. నేనూ కొన్ని చోట్లకు పోయాను. కళ్ళు నిండాయి. తిరిగొచ్చి రాయడానికి కూర్చుంటే మాత్రం ఆ కొండలేవీ రావు, మూసీ వస్తుంది. సూర్యాపేటలో పెరిగినవాడిని, ఇంకేం వస్తుంది! అందుకే ఈ మధ్య నాకు వీలు దొరికినప్పుడల్లా మూసీ వెంటే తిరుగుతున్నాను.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో అది పుట్టిన చోటు గురించి నేను చెప్పగలిగింది తక్కువ. చెట్ల నీడ, పద్మనాభస్వామి గుడి, ముచికుందుడనే రుషి కథ. ఆ రుషి పేరే నదికి వచ్చిందంటారు. అక్కడి నుంచి హైదరాబాద్ వరకు దారి నాకు కొత్తది, తొందరగా దాటేశాను.

హైదరాబాద్‌లో కాసేపు ఆగాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆయన కళ్ళ ముందే కొట్టుకుపోయారు. ఆయన బతికి బయటపడి ఆ వరద మీద కవిత రాశాడు, తర్వాత రుబాయీలకు పేరు పొందాడు. నది ఇచ్చే ప్రేరణ గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు. వెన్నెల, ఇసుక తిన్నెలు మాత్రమే నది కాదని ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం నది నీళ్ళను ఎగువనే ఆపుకుంది. తాగి, వాడుకుని, మిగిలింది కిందికి వదలడం మొదలుపెట్టింది.

ఆ కిందే వలిగొండ. అక్కడివాడే బి.ఎన్. శాస్త్రి. నల్లగొండ జిల్లాలో గుళ్ళూ గుట్టలూ తిరిగి శాసనాలు చదివి, జిల్లా చరిత్రను పుస్తకాలకెక్కించిన మనిషి. మూసీ ఒడ్డు ప్రాంతంలోని తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండినుల రాగిరేకులను లోకానికి తెలియజేసి, ఆ ఊరే ఒకప్పటి ఇంద్రపాలనగరమని వాదించాడు. ఆయన నడిపిన మాసపత్రిక పేరు ‘మూసీ’. ఏ సరస్వతి పేరో, భారతి పేరో పెట్టుకోకుండా ఇంటి పక్క నది పేరు పెట్టుకున్నాడు. ఆ పత్రిక పాత సంచికలు చూసినప్పుడల్లా మా ప్రాంతం మీద నాకు గౌరవం పెరుగుతుంది. సొంత నేల మీద ఒక మనిషి కాలినడకన తిరిగితే ఎంత రాయొచ్చో చూపించాడు ఆయన.

ఇక నా మూసీ. సూర్యాపేట నుంచి హైదరాబాద్ రోడ్డు మీద పోతే సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు. 1963లో పూర్తయింది, 4.46 టీఎంసీల నీళ్ళు పడతాయి, ముప్పై వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. మాకు చిన్నప్పుడు ఈ లెక్కలు తెలియవు. గేట్లెత్తారని తెలిస్తే సైకిళ్ళ మీద పోవడమే తెలుసు. కట్ట ఇంకా కనపడక ముందే హోరు వినపడేది. గేటు కింద నీళ్ళు పడి లేచిన తుంపర మొహం మీద పడుతుంటే గంటలు గంటలు నిలబడేవాళ్ళం. కట్ట మీద ఉడకబెట్టిన మక్కకంకులు అమ్మే అవ్వ, ఎండుచేపల వాసన, కాలువలో ఎదురీదే పిల్లలు. నా మొదటి కథలో మనుషులంతా ఆ కట్ట మీదివాళ్ళే. 2019 అక్టోబరులో ఒక గేటు కొట్టుకుపోయి, నిండిన జలాశయం కళ్ళ ముందే ఖాళీ అవుతుంటే రైతులు కట్ట మీద నిలబడి చూశారు. యాసంగి మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళల్లో ఆ రాత్రి పొయ్యి వెలిగి ఉండదు.

సూర్యాపేటకు కూతవేటు దూరంలో పిల్లలమర్రి. కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు చదివినప్పుడల్లా మా పక్కూరే కదా అనిపిస్తుంది. ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒక ఆడమనిషి తన పేరు మీద గుడి కట్టించి, ఆ సంగతి రాతి మీద రాయించుకుంది! నామేశ్వరాలయం మండపంలో నల్లరాతి స్తంభాల నునుపు చూడాలి. ఎండ వాలేవేళ దగ్గరికి పోతే మన మొహం అందులో మసకగా కనిపిస్తుంది. చేత్తో తడిమితే వేసవిలోనూ చల్లగా ఉంటుంది. చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు. పొద్దంతా ఆ మండపంలో కూర్చుంటే పావురాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. రాత సాగనప్పుడు నేను పోయేది అక్కడికే. కథ దొరుకుతుందని కాదు, తొందర తగ్గుతుంది. ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన పని ముందు కూర్చుంటే కథ ఆదివారం సంచికలో పడలేదన్న బాధ చిన్నదైపోతుంది.

ఇదే జిల్లాలో బిక్కేరు వాగు పక్కన ఫణిగిరి గుట్ట ఉంది. బౌద్ధుల స్తూపం, చైత్యాలు, విహారాలు, ప్రాకృత శాసనాలు. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా పోయాయి. మా బడి పిల్లల్ని మాత్రం ఒక్కసారి కూడా ఎవరూ అక్కడికి తీసుకుపోలేదు.

ఇంత ఇచ్చిన నదికి మనం ఏమిచ్చాం? హైదరాబాద్‌లో పుట్టే మురుగు రోజుకు వంద కోట్ల లీటర్లకు పైమాటే. అందులో శుద్ధి కాకుండా పోయేదంతా ఈ దారినే వస్తుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్ని పైపులైను వేసి అంబర్‌పేటకు మళ్ళించారు, అదీ మూసీ ఒడ్డే. నగరం దాటాక కత్వల మీద నీళ్ళు దూకే చోట తెల్లటి నురగ మనిషెత్తు లేస్తుంది. ఆ నీళ్ళతోనే వరి నాటాలి. మూసీ కాలువ కింద నాట్లేసే ఒకావిడ పొలంలోకి దిగే ముందు మోకాళ్ళ దాకా కొబ్బరినూనె పట్టించుకుంటుంటే ఎందుకని అడిగాను. ‘‘దురద పెడ్తది బిడ్డా. దిగకుంటే కూలెట్ల?’’ అంది. సూర్యాపేట పట్టణం మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఈ మూసీ నీళ్ళే తాగింది. ఆ కుళాయి నీళ్ళ వాసన మా తరం మరిచిపోదు.

మూసీ కోదాడకు పోదు, నేను పోతాను. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడను, హుజూర్‌నగర్‌ను, కోదాడను ఒక్క దారంతో కుట్టినట్టు కలుపుతుంది. కోదాడ పక్కనే మునగాల, నడిగూడెం. మునగాల రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి నిలబెట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్నాడు. తెలుగులో విజ్ఞానసర్వస్వం రాయాలని సంకల్పించాడు. తెలుగువాళ్ళు చదువుకునే పుస్తకాల్లో ఎన్నింటికో మూలం ఈ చిన్న ఊళ్ళల్లో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకు ఆ నడిగూడెం మండలంలోనే సాగర్ ఎడమ కాలువకు గండిపడింది, కోదాడ వీధులు మునిగి మనుషులు పోయారు.

కోదాడ నుంచి మిర్యాలగూడ వైపు వస్తుంటే చిల్లేపల్లి వంతెన కింద మళ్ళీ మూసీ కనిపిస్తుంది. రెండు వైపులా పచ్చటి వరి. మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు, రాత్రంతా లారీలు. దామరచర్ల మండలం వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. అగస్త్యేశ్వరుడి లింగం నెత్తి మీద చిన్న బిలం, అందులో నీళ్ళెప్పుడూ తగ్గవంటారు. బోయవాడు తరిమిన పక్షిని కాపాడి, దానికి బదులు తన తల మాంసమే ఇచ్చాడట శివుడు. ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందట. పూజారి ఉద్ధరిణెతో ఆ నీళ్ళు తీసి అరచేతిలో పోస్తే, కళ్ళు మూసుకుని తాగుతాం. గుడి బయట పారే నదిని మాత్రం దోసిలి పట్టి తాగలేం. అదే మండలంలో నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు లేచాయి.

ఇప్పుడు మూసీ ప్రక్షాళన అంటున్నారు. 2024 నవంబరులో ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దాకా వచ్చి మూసీ వెంట నడిచారు. మంచిదే. కానీ అంతకు ముందు నెలల్లో నగరంలో నది ఒడ్డు పేదల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. పేదోడి ఇల్లు కూల్చితే నీళ్ళు శుభ్రమవుతాయా? మురుగును పుట్టిన చోటే శుద్ధి చేయండి, ఫ్యాక్టరీ గొట్టాలు మూయండి. అక్కడి యాభై ఐదు కిలోమీటర్ల సుందరీకరణకు లక్షల మాటలు ఖర్చవుతున్నాయి, సోలిపేట ఆయకట్టు రైతును, చిల్లేపల్లి జాలరిని అడిగినవాళ్ళు తక్కువ.

రాసే మిత్రులారా, ప్రేరణ కోసం ఒక్కసారి ఈ దారిన రండి. పిల్లలమర్రిలో పొద్దంతా కూర్చోండి, ఫణిగిరి ఎక్కండి, సోలిపేట కట్ట మీద గాలి పీల్చండి, ముక్కు మూసుకోకుండా పీల్చండి. తర్వాత మీరేది రాసినా అందులో నాటు కూలీల కాళ్ళ దురద కూడా ఉండాలి. ప్రభుత్వానికి ఒక్కటే మనవి: మూసీ బాగుపడిందో లేదో నీటి పరీక్ష హైదరాబాద్ వంతెనల కింద కాదు, సూర్యాపేట, మిర్యాలగూడ పొలాల కాలువల్లో చేయించండి, నెలనెలా ఆ ఫలితాన్ని ఆ ఊళ్ళ పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయించండి.