ఒకే ఇంటిపేరున్న పదాలు

పి, ఎన్, ఇ, యు, ఎం. ఇంగ్లీషు నిఘంటువులో ఈ ఐదక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ ఓ కుటుంబం. మనకి ఇంటిపేరు ముందొచ్చి అసలు పేరు తర్వాత వచ్చినట్టే, వీటికీ ఇంటిపేరు ముందే ఉంటుంది. ఆ ఇంటిపేరులో మొదటి అక్షరం 'పి' రాతలో ఉంటుంది గానీ నోట్లో పలకదు. గ్రీకువాళ్ళు పలుకుతారు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటల్ని తెచ్చుకున్నాక పలకడం మానేశారు, రాయడం మాత్రం మానలేదు. మన స్పెల్లింగ్ మార్కులు పోయేది అక్కడే.

గ్రీకులో ఈ మాటకి మూలం గాలి, ఊపిరి. ఊపిరితిత్తి పేరు కూడా ఆ అక్షరాలతోనే ఉంటుంది. మన తెలుగులోనూ అంతే కదా. ఊపిరి, తిత్తి. కొలిమి దగ్గర గాలి ఊదే తోలుసంచి తిత్తి. ఊపిరి పోసుకునే తిత్తి ఊపిరితిత్తి. రోజూ అనే మాటే అయినా ఎప్పుడైనా విడదీసి చూశారా?

ఇక ఆ ఇంట్లోవాళ్ళని పరిచయం చేస్తాను. న్యుమోనియా అందరికీ తెలుసు, ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ వచ్చే జబ్బు. న్యుమాటిక్ అంటే గాలి ఒత్తిడితో పనిచేసేది. మా మెకానికల్ వాళ్ళకి కంప్రెసరు, సిలిండరు, వాల్వుల దగ్గర రోజూ వినబడే మాట. 1888లో డన్‌లప్ పేటెంటు తీసుకున్న గాలి టైరు కూడా న్యుమాటిక్ టైరే. న్యుమోథొరాక్స్ అంటే ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరడం. దాంతో ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

అందరికంటే పొడుగాయన పేరు చూడండి. న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. ఇంగ్లీషులో రాస్తే 45 అక్షరాలు. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ డాక్టర్ల పొడుగు మాటల్ని అనుకరిస్తూ దీన్ని సరదాగా తయారుచేశాడు. తర్వాత అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది. మా హాస్టల్లో దాన్ని ఒక్క గుక్కలో చెప్పే పందెం ఉండేది. ఓడినవాడు అందరికీ టీ తాగించాలి. అర్థం ఎవడికీ అక్కర్లేదు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. సమాసం కనబడితే విగ్రహవాక్యం రాయకుండా మా తెలుగు మాస్టారు వదిలేవారు కాదు. ఆ అలవాటుతో దీన్నీ విడదీశాను. న్యుమోనో అంటే ఊపిరితిత్తి. అల్ట్రా అంటే అతి. మైక్రోస్కోపిక్ అంటే మైక్రోస్కోపులో తప్ప కనబడనిది. సిలికో అంటే ఇసుకలో ఉండే సిలికా. వోల్కేనో అగ్నిపర్వతం. కోని అంటే దుమ్ము. ఓసిస్ అంటే స్థితి, చాలాచోట్ల జబ్బు. కలిపితే, అగ్నిపర్వతం నుంచి వచ్చే అతి సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. అంతే. ఏడు ముక్కలు.

ఈ ముక్కలు నాకు పందెంలో కంటే ఇంట్లో ఎక్కువ పనికొచ్చాయి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి లేని వీధి అరుదు. మా మావయ్య అక్కడ తొమ్మిదేళ్ళు శాండ్ బ్లాస్టింగ్ పని చేశాడు. ఇనుప పైపుల మీద తుప్పు పోవడానికి గాలి ఒత్తిడితో ఇసుక చిమ్ముతారు. ముక్కుకి తువ్వాలు కట్టుకునేవాడట. తిరిగొచ్చాక దగ్గు, ఆయాసం. కొబ్బరితోటలో పది చెట్లు దాటేలోపు కూర్చుండిపోయేవాడు. ఊళ్ళో అందరూ టీబీ అనేశారు. అత్తయ్య భయపడి ఆయన గ్లాసు, కంచం వేరే పెట్టింది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మావయ్య ఏమీ అనలేదు. వరండాలోనే పడుకునేవాడు.

కఫం పరీక్షలో టీబీ లేదని తేలింది. ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యాక ఇచ్చిన కాగితం మీద ఒక పొడుగు మాట ఉంది. అత్తయ్య అది నా చేతిలో పెట్టి, "ఒరేయ్, నువ్వు ఇంజనీరింగ్ కదా, ఇదేంటో చూడు. పేరే ఇంత పొడుగుంది, పెద్ద జబ్బేమోరా" అంది.

పద్నాలుగు అక్షరాలు. న్యుమోకోనియోసిస్. పొడుగాయనకి తమ్ముడే. మొదలూ చివరా అవే ముక్కలు. 1860ల్లో జెంకర్ అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరు ఇది. నేను ముక్కలు చేసి చెప్పాను. ఊపిరితిత్తి, దుమ్ము, జబ్బు. పీల్చిన దుమ్ము లోపలే ఉండిపోయి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

మావయ్య కాసేపు ఆ కాగితం వంకే చూశాడు. "అంటే దుమ్మేగా! దుమ్మని రాస్తే కాగితం చిరిగిపోద్దా?" అన్నాడు.

మర్నాడు డాక్టరు గారూ అదే చెప్పారు. సిలికా దుమ్ము వల్ల వచ్చిందనీ, పూర్తిగా నయం చేసే మందు లేదనీ, ఇలాంటివాళ్ళకి టీబీ త్వరగా సోకే ప్రమాదం ఉంది గనక పరీక్షలు మానొద్దనీ అన్నారు. ఆ సాయంత్రం అత్తయ్య గ్లాసుని మళ్ళీ వంటింటి అలమరలో మిగతావాటి పక్కన పెట్టింది.

మా కోనసీమలో రాయి దొరకదు. అంతా గోదావరి తెచ్చిన ఒండ్రు. రాయి లేని సీమలో పుట్టినవాడు ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకొచ్చాడు. బ్రిటన్‌లో లోహపు సామాన్ల మీద ఇసుకతో ఈ పని చేయడాన్ని 1949లోనే నిషేధించారు. మన ఫ్యాక్టరీల చట్టం, 1948 సిలికోసిస్‌ని తప్పనిసరిగా అధికారులకి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. మనం ముట్టుకున్న వస్తువుల వెనకా ఈ దుమ్ముంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే పనివాళ్ళు ఎంతోమంది సిలికోసిస్ బారిన పడ్డారు. 'అ ఆ'లు దిద్దే బలపం ఎవరి ఊపిరితో తయారైందో మనకెవరూ చెప్పలేదు.

అబ్రేసివ్ జెట్ మెషినింగ్ పాఠంలో గాలి ఒత్తిడి, రేణువు సైజు, నాజిల్ దూరం చదువుతాం. నాజిల్ పట్టుకున్న మనిషి ఏం పీలుస్తున్నాడో ఆ ఫార్ములాలో ఉండదు. న్యుమాటిక్ మన సిలబస్‌లో ఉంది. న్యుమోకోనియోసిస్ లేదు. రెండిటికీ మొదటి ఐదక్షరాలు ఒకటే. రేపు మనలో కొందరం ఆ కంప్రెసర్లు కొంటాం, ఆ పనులకి మనుషుల్ని పెడతాం. ఆ రోజు ఈ రెండో మాట కూడా గుర్తుండాలి.

ఇదే చివరి ముక్కతో మరికొన్ని ఉన్నాయి, రాసిపెట్టుకోండి. సిలికోసిస్, సిలికా దుమ్ముతో. ఆస్బెస్టోసిస్, ఆస్బెస్టాస్ నారతో. బిస్సినోసిస్, పత్తి దుమ్ముతో. పందెం వేసుకోండి, టీలు తాగండి, కాదనను. కానీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాటున్న కాగితం చేతికిస్తే, దాన్ని ఒక్క గుక్కలో చదివేయకండి. ముక్కలు చేసి, తెలుగులో, నెమ్మదిగా చెప్పండి.