మామిడి తోటల పక్కన అద్దె ఇల్లు

మా ఆయనకు నూజివీడు మండలంలోని ఒక హైస్కూలుకు బదిలీ అయినప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. విజయవాడలోనే ఉండి ఆయన రోజూ బస్సులో వెళ్లిరావడం ఒకటి, కాపురమే నూజివీడుకు మార్చేయడం రెండోది. నేను ఒక ప్రైవేటు సంస్థకు లెక్కలు రాస్తాను. పని చాలావరకు ఇంటి నుంచే. అప్పటికే విజయవాడలో ఒక ఫ్లాటుకు బేరం నడుస్తోంది. ధర 55 లక్షలు. మా చేతిలో ఉన్న 15 లక్షలు పోను 40 లక్షలు బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్ల అప్పంటే నెల వాయిదా 34,700 దాటుతుంది. అప్పు తీరేసరికి వడ్డీ కిందే 43 లక్షలు కడతాం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి ఏడున్నర శాతం వీటికి అదనం.

ఆ ఫ్లాటు సింగ్ నగర్ వైపు ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. కింది అంతస్తుల వాళ్ల బీరువాలు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు రోడ్ల మీద ఆరబోసి ఉండటం చూశాక ఇరవయ్యేళ్ల వాయిదాకు సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. నూజివీడులో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం.

చిన్న ఊళ్లో బతుకు చవకంటారు. ఆ మాట నమ్మి సామాను సర్దుకునేవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. విజయవాడలో మా అద్దె 18 వేలు, నూజివీడులో 9 వేలు. సగానికి సగం మిగులనిపిస్తుంది. కానీ ఊరు చిన్నదైతే ప్రభుత్వ ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం శాతం కూడా తగ్గుతుంది. విజయవాడ నలభై కిలోమీటర్ల పైమాటే, నా ఆఫీసు పిలిచినప్పుడల్లా వెళ్లాలి. నూజివీడు పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు. అది హనుమాన్ జంక్షన్ దగ్గర, ఊరికి పదిహేను కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అందుకే బస్సో, సొంత బండో తప్పదు. రెండో స్కూటరు, ఇన్వర్టరు కొన్నాం. అన్నీ తీసేస్తే నెలకు నికరంగా మిగిలింది నాలుగు వేలు. మాకు అసలు లాభం అద్దెలో రాలేదు. 40 లక్షల అప్పు నెత్తిన పడకపోవడం, 15 లక్షలు బ్యాంకులో కదలకుండా ఉండటం, అదీ లాభం.

ఆ డబ్బు కదలకుండా ఉండటం ఎందుకు ముఖ్యమో మా అత్తయ్యగారి గుండె జబ్బు చెబుతుంది. జ్వరాలకూ చిన్నా చితకా జబ్బులకూ నూజివీడులో వైద్యం దొరుకుతుంది. గుండె పట్టుకుంటే మాత్రం విజయవాడకో ఏలూరుకో పరుగెత్తాలి. అందుకని ఆరోగ్య బీమా తీసుకోవడంతో పాటు మూడు లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా విడిగా ఉంచాం. పెద్దవాళ్లున్న ఇంట్లో పచ్చదనం కోసం ఊరు మారేటప్పుడు ముందు వేసుకోవాల్సిన లెక్క ఇది.

తర్వాత నీళ్లు. ఇది మెట్ట ప్రాంతం, ఎర్ర నేల. ఇల్లు చూడటానికి వెళ్తే గదుల కంటే ముందు బోరు సంగతి అడిగాం. అది కూడా మే నెలలో, ఇంటి యజమానిని కాకుండా పక్కింటివాళ్లను అడిగాం. ఉత్తరాన ఉన్న ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బులు మనుషుల్ని తినేస్తున్నాయి. అక్కడ అందరి అనుమానమూ తాగే నీటి మీదే. మేం బోరు నీళ్లను పరీక్షకు ఇచ్చి, ఫలితం చూసుకున్నాకే అడ్వాన్సు ఇచ్చాం. పరీక్షకు అయిన ఖర్చు అడ్వాన్సు పక్కన పెట్టి చూస్తే లెక్కలోకే రాదు.

ఇల్లు కుదిరింది. వీధి చివర నుంచే తోటలు. సంక్రాంతి రోజుల్లో పూత వాసన మేడ మీదికి వస్తుంది. ఏప్రిల్‌లో బంగినపల్లి, మేలో చిన్న రసాలు, పెద్ద రసాలు. వచ్చిన తొలి వేసవిలోనే ఒక మధ్యవర్తి బ్రోచరు పట్టుకొచ్చాడు. కాపు మీదున్న మామిడి తోటను పది సెంట్ల ముక్కలుగా చేసి అమ్ముతున్నారు. ధర 12 లక్షలు. సొంత చెట్టు నీడ, సొంత కాయ, ఏటేటా ఆదాయం అని రంగుల్లో రాసి ఉంది. మా ఆయనకు మనసైంది. నాకూ అయింది. అయినా ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

పాత పద్ధతిలో వేసిన తోటలో ఎకరానికి నలభై చెట్లుంటాయి. పది సెంట్లకు నాలుగు చెట్లు. ఎకరానికి నాలుగు టన్నులొస్తే మంచి కాపే, అంటే మన ముక్కకు నాలుగు క్వింటాళ్లు. టన్ను ఇరవై వేలు పలికిందనుకున్నా చేతికొచ్చేది ఎనిమిది వేలు. మామిడి ఏటా ఒకేలా కాయదు, ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు బోసిపోతుంది. తేనె మంచు పురుగుకు మందు కొట్టించాలి, కాపలా పెట్టాలి, కోత కూలి, బండి కిరాయి, నున్న మామిడి మార్కెట్‌లో కమీషన్, తరుగు భరించాలి. నాలుగు చెట్ల కోసం మందు కొట్టే మనిషే రాడు. అదే 12 లక్షలు ఏడు శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 84 వేలు వడ్డీ. కొనడానికి రిజిస్ట్రేషన్ కిందే 90 వేలు వదులుకోవాలి. లేఅవుటు అనుమతి లేని వ్యవసాయ భూమి ముక్కలో ఇల్లు కట్టుకోవడానికి ప్లాను అనుమతి రాదు, గృహరుణమూ పుట్టదు. రేపు అమ్ముదామన్నా మనలాగే బ్రోచరు చూసి మనసు పడేవాడు దొరకాలి.

మాకు పళ్లిచ్చే రైతుతో ఈ సంగతి చెప్పాను. ఆయనకు ఆరెకరాల తోట ఉంది. పూత మీదే వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తారు. “అమ్మాయ్, ఆరెకరాలున్నా ఏ ఏడు ఎంతొస్తదో నేను చెప్పలేకపోతన్నా. నాలుగు చెట్లేం చేసుకుంటావ్? కాయలు కావాలంటే నన్నడుగు” అన్నారు. ఈదురుగాలొస్తే రాత్రికి రాత్రి రాలిపోయే కాయల సంగతి చెప్పారు. పక్క తోట వాళ్లు మామిడి కొట్టేసి పామాయిల్ వేసిన సంగతీ చెప్పారు. మామిడి ధర మీద రైతుకు పట్టు లేదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర కుప్పకూలితే, కిలో 12 రూపాయలైనా దక్కాలని ప్రభుత్వం తన వంతుగా 4 రూపాయలు కలపాల్సి వచ్చింది.

నాకు ఇష్టమైన ఈ పచ్చదనం ఆ రైతు ఆదాయం మీద నిలబడి ఉందని అప్పుడు నాకు స్పష్టమైంది. ఆయనకు గిట్టినన్నాళ్లే మా వీధి చివర తోట ఉంటుంది. గిట్టకపోతే పామాయిలో, మొక్కజొన్నో, లేదంటే తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లో వస్తాయి. పచ్చదనం కోసం వచ్చిన మనమే పది సెంట్ల చొప్పున కొంటూ పోతే తోట ముక్కలవుతుంది, చూసేవాడు లేక చెట్లు ఎండిపోతాయి. బ్రోచరులో చూపించిన తోట అయిదేళ్ల తర్వాత అక్కడ ఉండదు. ప్లాటు వద్దనడానికి వడ్డీ లెక్క ఒక్కటే చాలు. కానీ నన్ను బాధపెట్టింది ఈ రెండో విషయం.

ప్లాటు కొనలేదు. ఈ ఊళ్లో ఎప్పటికైనా ఇల్లు కొంటే మున్సిపాలిటీ హద్దుల్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో బడీ, మందుల షాపూ ఉన్నచోట, 15 లక్షలకు మించని అప్పుతో కొనాలని అనుకున్నాం. పదేళ్ల గడువుకు ఆ వాయిదా 18,600 దగ్గర తేలుతుంది. మా ఇద్దరి జీతాల్లో ఎవరి జీతం ఆగినా కట్టగలం.

మీరూ ఇలాంటి ఊరికి మారాలనుకుంటుంటే ముందు ఏడాది అద్దెకుండి చూడండి. ఆ ఏడాదిలో ఒక మే నెల, ఒక తుపాను కాలం తప్పకుండా ఉండాలి. తోట ముక్క కొనమని ఎవరైనా వస్తే, ఆ తోట గత మూడేళ్లలో ఏ వ్యాపారికి ఎంత గుత్తకు పోయిందో అడగండి. రసాలు మాత్రం రైతు గుమ్మం దగ్గరే, ఆయన చెప్పిన ధరకే కొనండి.