బుగ్గలో లవంగం ఎన్నాళ్ళు?

పిల్లాడు పన్ను నొప్పంటే ఆ సాయంత్రమే ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళతాం. ఆయన నొప్పంటే ఆఫీసుకి సెలవు పెట్టించి మరీ పంపిస్తాం. అదే నొప్పి మనకొస్తే? బుగ్గలో ఓ లవంగం పెట్టుకుని, కుక్కరు విజిల్స్ లెక్కపెట్టుకుంటూ వంట కానిచ్చేస్తాం. ‘పంటి బిగువున భరించడం’ అనే మాట మన ఆడవాళ్ళని చూసే పుట్టించి ఉంటారు! రెండ్రోజులకి నొప్పి తగ్గితే ‘హమ్మయ్య, పోయింది’ అనుకుని మర్చిపోతాం. ఏ పంటినొప్పినైనా అలా వదిలేయడం మంచిది కాదు. దవడ చివర వచ్చే జ్ఞానదంతం విషయంలో అయితే ఈ ‘తగ్గిపోయిందిలే’ అన్న మాటే కొంప ముంచుతుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వస్తాయి. రెండు దవడల్లోనూ అన్నిటికంటే వెనక, నాలుగు మూలలా నాలుగు. కొందరికి అసలు రావు. రానంత మాత్రాన జ్ఞానం తక్కువని కాదు లెండి! మిగతా 28 పళ్ళూ వచ్చేసరికే చాలామందికి దవడలో చోటు నిండిపోతుంది. ఆఖర్న వచ్చిన వీటికి జాగా ఉండదు. కిక్కిరిసిన బస్సులో ఎక్కినవాళ్ళలా పక్క పంటి మీదికి ఒరిగిపోయి, సగం పైకి, సగం చిగురు లోపల ఇరుక్కుంటాయి. కొన్నయితే అడ్డంగా పడుకుని ఎముకలోనే ఉండిపోతాయి. ఈ బాధ ఎక్కువగా కింది దవడలోనే.

సగం వచ్చిన పంటి మీద చిగురు ఒక మూతలా కప్పుకుని ఉంటుంది. మనం తిన్న మెతుకులు, పప్పుబద్దలు ఆ మూత కిందికి చేరతాయి. అక్కడికి బ్రష్ అందదు. ఇక సూక్ష్మక్రిములకి పండగే. చిగురు వాస్తుంది. వాచిన చిగురు మీద పై పన్ను పడి నలుగుతుంది. నలిగిన కొద్దీ ఇంకా వాస్తుంది. నాలుగు రోజులకి వాపు కాస్త తీసి, నొప్పి సద్దుమణుగుతుంది. కానీ పన్ను అక్కడే ఉంది, దాని మీద మూతా అక్కడే ఉంది. అందుకే నెలకో, ఆర్నెల్లకో మళ్ళీ తలుపు తడుతుంది.

మరి ఇది మామూలు పిప్పిపన్ను నొప్పి కాదని తెలిసేదెలా? పిప్పిపన్నయితే చల్లటి నీళ్ళు, తీపి తగిలినప్పుడు జివ్వుమంటుంది. జ్ఞానదంతం నొప్పి దవడ మూలనుంచి బయలుదేరి చెవిలోకి, గొంతులోకి, ఒక్కోసారి కణత దాకా పాకుతుంది. ఆవలిస్తే కలుక్కుమంటుంది. మింగితే గొంతు నొప్పిలా ఉంటుంది. ముద్ద పెట్టుకోవడానికి నోరు పూర్తిగా తెరుచుకోదు. నోట్లో ఏదో చేదు రుచి, దుర్వాసన. దవడ కింద తడిమితే ఉసిరికాయలా గట్టిగా బిళ్ళ కట్టి ఉండొచ్చు. అద్దం ముందు నిలబడి సెల్‌ఫోన్ లైటు వేసి, ఆఖరి పంటి వెనక చూసుకోండి. ఎర్రగా ఉబ్బిన చిగురు, అందులోంచి తొంగిచూసే తెల్లటి పంటి మొన కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఏమీ కనిపించకపోయినా లేదని కాదు. ఎముకలో దాక్కున్న పన్ను ఎక్స్‌రేలోనే బయటపడుతుంది.

మా తోడికోడలు సంగతి చెబుతాను. చాలా మంచి ఇల్లాలు, ఓపిక ఎక్కువ. ఆ ఓపికే ఆవిడకి చేటయింది. సంక్రాంతికి ఆడపడుచులు, అల్లుళ్ళు వస్తారని అరిసెల పాకం ముందు కూర్చుంది. కుడి చెవి పోటు. చెవిలో చుక్కలు వేసుకుంది. పండగ మూడు రోజులూ మజ్జిగ తాగి గడిపింది. అడిగితే ‘గొంతు నొప్పక్కా, జలుబు చేసినట్టుంది’ అనేది. కనుమ రాత్రికి నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. తెల్లారేసరికి దవడ కింద మెడ దాకా వాపు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. చెవి డాక్టరు చూసి ‘చెవి శుభ్రంగా ఉందమ్మా, ఇది పంటి గొడవ’ అని వెంటనే పెద్దాసుపత్రికి పంపారు. మూడు రోజులు సెలైన్లో మందులు ఎక్కించారు. వాపు తగ్గాక పన్ను తీశారు. ‘ఇంకొక్కరోజు ఆగితే ఊపిరికే కష్టమయ్యేది’ అన్నారట అక్కడి డాక్టరు.

అది బెదిరింపు మాట కాదండీ. కింది దవడ వెనక పళ్ళ వేళ్ళు బాగా లోతుగా ఉంటాయి. అక్కడి చీము నాలుక కిందికీ, మెడలోకీ సులువుగా దిగుతుంది. వాపు గొంతుని నొక్కేస్తుంది. జర్మనీ వైద్యుడు లుడ్విగ్ 1836లోనే ఈ జబ్బుని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అందుకని ఈ గుర్తులు ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. వాపు దవడ దాటి మెడకి దిగినా, నాలుక కింద ఉబ్బినా, ఉమ్మి మింగలేకపోయినా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా, నోరు తెరవలేకుండా జ్వరం కాసినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లారనిద్దాం అనుకోకండి.

అంత దూరం రాకుండా, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లో చేసుకోదగ్గవి ఉన్నాయి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, ఆ మూల నీళ్ళు నిలిచేలా రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించండి. మెత్తటి బ్రష్‌తో ఆ పంటిని కూడా మెల్లగా తోమండి. నొప్పని వదిలేస్తే మురికి ఇంకా పేరుకుంటుంది. బయట బుగ్గ మీద గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు. కాలేయం జబ్బున్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఏ బిళ్ళా వేసుకోవద్దు.

లవంగం సంగతంటారా? అందులోని యూజెనాల్ అనే నూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. క్రిముల్ని తరిమి, చోటు చేసి పెట్టదు. లవంగ నూనె ఎక్కువ పోస్తే చిగురు కాలుతుంది కూడా. వెల్లుల్లి నూరి అద్దడం, ఆస్పిరిన్ బిళ్ళ బుగ్గలో పెట్టుకోవడం, నశ్యం నొక్కడం చిగురుని పుండు చేస్తాయి. వాపు మీద వేడి కాపడం పెట్టకండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు మింగి ఊరుకోకండి.

ఇరుక్కున్న ప్రతి పన్నూ పీకించాల్సిందేనా అంటే, కాదు. ఏ బాధా పెట్టని పంటిని ఊరికే తీయొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2000లో సూచించింది. మాటిమాటికీ వాస్తున్నా, పుచ్చినా, పక్క పంటిని పాడుచేస్తున్నా తీయించడమే మేలు. వయసు పెరిగే కొద్దీ ఎముక గట్టిపడి, తీయడమూ, మానడమూ కష్టమవుతాయి. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళ వాపు ఎక్కువవుతుంది. కాబట్టి పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ముందే చూపించుకుంటే మంచిది. ఖర్చుకి వెనకాడేవాళ్ళకి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

నేను 31వ ఏట తీయించుకున్నాను. రెండోసారి వాచాక ఎక్స్‌రే తీస్తే పన్ను పక్కకి ఒరిగి ఉంది. మత్తు సూది చురుక్కుమంది, ఆ తర్వాత లాగుతున్నట్టు తెలిసిందే గానీ నొప్పి లేదు. చిగురు కోసి, పంటిని రెండు ముక్కలు చేసి తీసి, కుట్లేశారు. ముందే డాక్టరు కింది పెదవి, నాలుక కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉండొచ్చని, అది అరుదని చెప్పారు. నాకు రాలేదు. మీరూ అడిగి తెలుసుకోండి.

మొదటి రోజు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గాయంలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టు. అది ఊడితే మూడో రోజునుంచి నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అలా అయితే మళ్ళీ వెళ్ళాలి. ఉప్పునీళ్ళు మర్నాటినుంచే. చల్లార్చిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ తిన్నాను. వారం దాకా ఆవకాయ, జంతికలు, నువ్వులు తగిలినవి దగ్గరికి రానివ్వలేదు. రెండు మూడు రోజులు బుగ్గ బూరెలా ఉంటుంది, కంగారు పడకండి. ఆ రెండ్రోజులూ వంట ఎవరు చేస్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. మా ఇంట్లో ఆయన చారు పెట్టడం అప్పుడే నేర్చుకున్నారు!

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు చెప్పండి? చెవి పోటనీ, గొంతు నొప్పనీ సర్దుకుపోతున్నవాళ్ళు ఈ వారంలోనే ఓసారి ఆ మూల చూపించుకోండి. నోరు తెరవలేని స్థితి రాకముందే, నోరు తెరిచి ఇంట్లో చెప్పండి.