ఆ మాటకు పుంలింగం లేదు

మా మనవరాలు నీట్ పరీక్షకు చదువుతున్నది. 720 మార్కులలో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. ప్రతి సాయంత్రమూ పుస్తకం నా చేతికిచ్చి "అడుగు తాతయ్యా" అంటుంది. తెలుగు పండితునికి ఆ శాస్త్రంతో ఏమి పని అని నవ్వకండి. ప్రశ్నలడగడం ముప్పైయేళ్ళ అలవాటు.

మొన్న వంధ్యత్వానికి కారణాలు అడగవలసి వచ్చింది. నా గొంతు కొంత తడబడింది. దానికి ఏ సంకోచమూ లేదు. వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది: స్త్రీలో అండం విడుదల కాకపోవడం, అండవాహికలు మూసుకుపోవడం, గర్భాశయ క్షయ, పురుషునిలో శుక్రకణాలు తక్కువగా ఉండడం, వాటికి తగినంత చలనం లేకపోవడం, వృషణాల సిరలు ఉబ్బడం. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే దంపతులిద్దరినీ పరీక్షించాలి. మగవానికి మొదట చేసేది వీర్యపరీక్ష; అది తేలికైనది కూడా. "మన దేశంలో నింద మాత్రం ఆడవాళ్ళ మీదే వేస్తారని పాఠంలోనే ఉంది తాతయ్యా" అన్నది.

నాకు మా అక్క జ్ఞప్తికి వచ్చింది. 1968లో ఆమె పెళ్ళి. తొమ్మిదేళ్ళు చూసి, గొడ్రాలని పుట్టింటికి పంపేశారు. బావ మారుమనువు చేసుకున్నాడు. ఆ వచ్చినామెకూ పిల్లలు కలగలేదు. ఊరు ఆమెనూ అదే మాట అన్నది. లోపం ఎవరిదో ఇప్పుడు తేల్చలేము. కాని బావను పరీక్ష చేయించుకోమని ఒక్కరూ అనలేదు. ఆయనను నిందించడానికి మాట కూడా లేదు. ఇన్నేళ్ళు లింగవచనాలు బోధించిన నేను, గొడ్రాలు అనే పదానికి పుంలింగం వాడుకలో ఎందుకు లేదని ఎన్నడూ ఆలోచించలేదు.

2007లో మా అమ్మాయి సీమంతం జరిగింది. అక్క ఎవరూ చెప్పకుండానే వంటింట్లో ఉండిపోయింది. అక్షతలు వేయడానికి పెద్దలను పేరుపేరునా పిలిచినవాణ్ణి నేనే. ఆమెను పిలవలేదు. ఆనాడు కడుపులో ఉన్న బిడ్డే ఇప్పుడు నాకు పాఠం అప్పజెప్పుతున్నది.

అక్క పోయి ఆరేళ్ళయింది. ఆ రాత్రి మనవరాలికి ఈ సంగతంతా చెప్పాను. అది చాలాసేపు ఊరకుండి, "నువ్వెందుకు పిలవలేదు తాతయ్యా?" అని అడిగింది.

పుస్తకం మూసి దాని చేతికిచ్చాను. జవాబు చెప్పలేకపోయాను.