టైరులో గాలికి వడదెబ్బ

ఏమండీ, వైజాగ్‌లో అరకు రైలెక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ కొన్నారా? వెంటనే చింపకండి. పిల్లాడు గోల పెట్టినా సరే! బండి కొండలెక్కి శిమిలిగూడ చేరేసరికి అది బూరెలా ఉబ్బుతుంది. కంపెనీవాడు గాలేమీ కొసరు వెయ్యలేదు. పైన బయటి ఒత్తిడి దాదాపు పదోవంతు తగ్గింది, లోపలి గాలి కాస్త కాళ్ళు చాపుకుంది. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిందీ ఇదే. దీన్ని పట్టుకెళ్ళి ఇంటర్‌లో మన చేత బట్టీ పట్టించారు. ఎంత అన్యాయం!

సరే, కారు సంగతి. పొద్దున 27 డిగ్రీలప్పుడు బంకులో ‘32 పెట్టు బాబూ’ అన్నారు, పెట్టాడు. మధ్యాహ్నం విజయవాడ ఎండలో పరుగెత్తి టైరులో గాలి 57 డిగ్రీలకెక్కింది. ఇప్పుడు గేజి ఎంత చూపిస్తుంది? 27కి 32 అయితే 57కి ఎంతని అడ్డగుణకారం చేస్తున్నారు కదూ? అరవై ఏడు దాటింది! నయం, కాగితం మీద కాబట్టి సరిపోయింది.

సెల్సియస్ సున్నా నీళ్ళు గడ్డకట్టే చోటు. గాలికి దాంతో పనేంటండీ? దాని సున్నా ఇంకో 273 మెట్లు కిందుంది. కెల్విన్‌లో చూడండి: 300 కాస్తా 330 అయింది. పెరిగింది పదోవంతే. ‘అయితే 35!’ అంటారా? ఆగండాగండి. గేజి కూడా తక్కువ తిన్నది కాదు. బయటి గాలి కంటే ఎంత ఎక్కువో అంతే చూపిస్తుంది. ఆ బయటి 14.7 కలిపి, పదోవంతు పెంచి, మళ్ళీ తీసేయండి. దాదాపు 37! అది చూసి కంగారుపడి గాలి తీయించారో, రేపు పొద్దున చల్లారిన టైరు మెత్తబడి కూర్చుంటుంది.

గాలిని బిగించకుండా వేడి చేస్తే ఒత్తిడికి బదులు సైజు పెరుగుతుంది. అది చార్లెస్ లెక్క. ఈ జాక్ చార్లెస్ భలే మనిషి లెండి. 1783 ఆగస్టులో పారిస్ నుంచి హైడ్రోజన్ బుడగ వదిలాడు. అది గోనెస్ అనే పల్లెలో దిగితే, జనం హడలిపోయి దాన్ని పొడిచి చీల్చేశారు! డిసెంబరులో మరో బుడగలో తనే ఎగిరాడు. లెక్క మాత్రం అచ్చేయించుకోలేదు మహానుభావుడు. 1802లో గే-లుసాక్ అచ్చేస్తూ, చార్లెస్ ముందే చూశాడని రాశాడు. అంత మర్యాద ఇప్పుడెక్కడండీ?

అన్నట్టు, వంటింట్లో గ్యాస్ బండ ఊపి చూస్తున్నారా? అక్కడ వీళ్ళెవరూ ఆదుకోరు. లోపల ద్రవం ఉన్నంతసేపూ, మీరు వాడిన గ్యాస్‌కి సరిపడా అది ఆవిరవుతూ ఒత్తిడిని నిలబెడుతుంది. తూకం వేసి చూసుకోవాల్సిందే. లేదంటే, పప్పు సగం ఉడికాక అదే చెబుతుంది.