కొంగు చాటు నవ్వు

అమ్మ అన్నం తినడం మానేసింది. వయసు పైబడింది, మొండితనం అని మేమే తీర్పు చెప్పేసుకున్నాం. పక్షవాతం వచ్చిన ఈ ఆర్నెల్లలో బీపీ చూశారు, షుగరు చూశారు, కాళ్లూ చేతులూ కదిలించి చూశారు. నోరు తెరిపించి చూసినవాళ్లు లేరు. నేనూ చూడలేదు. స్త్రీల సాహిత్యంలో శరీరం గురించి డాక్టరేట్ చేసినదాన్ని!

చూసింది, పాలమూరు నుంచి వచ్చి మా కొండాపూర్ ఫ్లాట్‌లో అమ్మను కనిపెట్టుకుని ఉంటున్నామె. "గిదేంది మేడం, పొద్దటి బువ్వ ఇంకా దవడలనే ఉన్నది" అంది. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచినా అమ్మకు తెలియడం లేదు. రాత్రీ పగలూ తీయని పై కట్టుడుపళ్ల కింద చిగురు పుండైపోయింది.

అమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. బావినీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నప్పుడే ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలు గీసింది. కొందరికి ఎముకలే వంచింది, అమ్మను పళ్లతో వదిలిపెట్టింది. పెళ్లిఫోటోలో పెదాలు బిగించుకునే ఉంటుంది. జీవితమంతా కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. ఆ నోటిని పరాయిమనిషి ముందు తెరవమంటే తెరుస్తుందా? దాన్నే మేం మొండితనమన్నాం.

మా వీధి నుంచి హైటెక్ సిటీ దాకా పళ్ల ఆసుపత్రుల బోర్డులకు కొదవ లేదు. అన్నింటి మీదా పాతికేళ్ల నవ్వులే. మంచం దిగలేని మనిషిని ఇంటికొచ్చి చూస్తారా అని అడిగితే, "కుర్చీ ఇక్కడుంది కదా మేడం" అన్నారొకచోట. చివరికి ఓ కుర్ర డాక్టరమ్మ వచ్చింది. కూర్చోబెట్టి మెత్తని బ్రష్‌తో తోమాలి, తిన్న ప్రతిసారీ తడిగుడ్డతో బుగ్గ లోపల తుడవాలి, కట్టుడుపళ్లు రాత్రి తీసి నీళ్లలో వేయాలి అంది. కొన్ని మాత్రలకు నోరు ఎండిపోతుందట, గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టమంది. నోట్లో పేరుకున్న మురికి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. జపాన్ వృద్ధాశ్రమాల్లో రోజూ నోరు శుభ్రం చేసినవాళ్లకు అది తగ్గిందని 1999లోనే 'లాన్సెట్'లో వచ్చింది.

ఇవన్నీ చేస్తున్నది ఆమే. ఆమె తన అన్నం ఒకవైపు దవడతోనే నములుతోందని మూడు నెలలకు గానీ నా కంటబడలేదు. "పుచ్చిపోయింది మేడం, లవంగం పెట్టుకుంటున్న" అంది. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలకు పోవాలంటే ఒక పూట సెలవు కావాలి. ఆ సెలవు ఇవ్వాల్సింది నేనే.

ఆమె వెళ్లిన పూట బ్రష్ నేను పట్టుకున్నాను. అమ్మ బాగున్న చేత్తో భుజం మీద కొంగు కోసం తడుముకుంది. నైటీకి కొంగు ఉండదు.